మీ వేగంతో అంకగణితం – 4వ పాఠం: భిన్నాల కూడిక, తీసివేత

గత మూడు పాఠాల్లో పూర్ణసంఖ్యలతో చేసే నాలుగు ప్రక్రియలనూ, కారణాంకాలనూ, సమాన భిన్నాలనూ చూశాము. అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల్లో ఎవరి వేగంతో వారు పూర్తి చేసుకొనే ప్రాథమిక అంకగణితం కోర్సులో ఆ భాగాలు మనవాళ్ళకు సాధారణంగా త్వరగానే గడిచిపోతాయి. చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసినవారికి అక్కడ మరచినది జ్ఞాపకం తెచ్చుకోవడమే తప్ప కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ. కామాలను లక్షల లెక్కన కాక మూడేసి అంకెలకు ఒకటి చొప్పున పెట్టడం, భాగఫలాన్ని కుడిపక్కన కాక విభాజ్యం పైన రాయడం అలవాటైతే చాలు. భిన్నాల యూనిట్‌కు వచ్చేసరికి మాత్రం పరిస్థితి మారుతుంది. ఇక్కడ నియమం గుర్తుండి కూడా తప్పు చేయవచ్చు. పైగా ఆ తప్పు తప్పుగా కనిపించదు. అందువల్ల ఈ పాఠాన్ని తొందరపడకుండా చదవమని కోరుతున్నాను.

ఈ పాఠమంతటికీ ఒకే పట్టుదల ఉంది: పెన్సిల్ కదిపే ముందు జవాబు ఏ రెండు సంఖ్యల మధ్య ఉంటుందో చెప్పగలగాలి. దాన్ని చెప్పలేనంతకాలం, ఎన్ని లెక్కలు సరిగా వచ్చినా, యూనిట్ పరీక్షకు కూర్చోకూడదని నా అభిప్రాయం.

దీని అవసరం ఎంతటిదో ఒక పాత ప్రశ్న తెలియజేస్తుంది. అమెరికాలో విద్యార్థుల చదువు ఎలా సాగుతున్నదో దేశమంతటా పరిశీలించే ఎన్‌ఏఈపీ అనే పరీక్షలో 1978 ప్రాంతంలో 13 ఏళ్ళ పిల్లలకు 12/13 + 7/8 విలువ ఉజ్జాయింపుగా ఎంత అన్న ప్రశ్న ఇచ్చి, 1, 2, 19, 21 అనే నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. 12/13 అంటే ఒకటికి కాస్త తక్కువ, 7/8 కూడా ఒకటికి కాస్త తక్కువ, కాబట్టి మొత్తం రెండుకు కాస్త తక్కువ. దీనికి లెక్క చేయవలసిన పనే లేదు. అయినా 2 అని గుర్తించినవారు 24 శాతం మాత్రమే. సగానికి పైగా పిల్లలు 19 లేదా 21 ఎంచుకున్నారు. లవాలు రెండూ కలిపితే 19, హారాలు రెండూ కలిపితే 21. ఆ పిల్లలకు కూడికలు వచ్చు. 12/13 అనేది ఒక సంఖ్య అనీ, దానికంటూ ఒక పరిమాణం ఉందనీ వారికి తోచలేదు. గీతకు పైన ఒక సంఖ్య, కింద ఒక సంఖ్య, అంతే కనిపించాయి. పెద్దయ్యాక కాలేజీకి తిరిగి వచ్చినవారిలోనూ ఇదే చూపు మిగిలిపోయి ఉంటుంది.

ఇప్పుడు మన మొదటి లెక్క: 5/6 + 3/8.

ముందుగా అంచనా. 5/6 ఒకటికి కాస్త తక్కువ. 3/8 అరకు కాస్త తక్కువ, ఎందుకంటే 8లో సగం 4. కాబట్టి మొత్తం ఒకటిన్నరకు తక్కువే ఉండాలి. అలాగే 5/6కు ఒకటి కావడానికి ఇంకా 1/6 కావాలి, 3/8 అంతకంటే పెద్దది, కనుక మొత్తం ఒకటి దాటాలి. జవాబు 1కీ 1 1/2కీ మధ్య ఉంటుందని కాగితం మీద ఒక పక్కన రాసుకోండి. మనసులో అనుకుంటే చాలదు. రాసిన అంచనాతోనే తర్వాత పోల్చుకోగలుగుతాము.

ఇక లెక్క. ఆరో భాగాలనూ ఎనిమిదో భాగాలనూ ఉన్నపళంగా కలపలేము, ఎందుకంటే ఆ ముక్కల పరిమాణం ఒకటి కాదు. రెంటినీ ఒకే పరిమాణం గల ముక్కలుగా మార్చాలి. 6, 8ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 24. ఆరును 24 చేయడానికి నాలుగుతో గుణించాము కాబట్టి లవాన్ని కూడా నాలుగుతో గుణిస్తే 20/24. ఎనిమిదిని 24 చేయడానికి మూడుతో గుణించాము కాబట్టి 9/24. ఇప్పుడు ముక్కలన్నీ ఇరవైనాలుగో భాగాలే. ఇరవై, తొమ్మిది కలిపి ఇరవైతొమ్మిది: 29/24, అంటే 1 5/24. మన అంచనా లోపలే ఉంది.

హారాలను కూడా కలిపేసినవారికి 8/14 వస్తుంది. అది అరకన్నా కాస్త ఎక్కువ, అంతే. చేతిలో 5/6 ఉండగా దానికి ఇంకొంత చేర్చితే ఉన్నదానికంటే తక్కువ ఎలా అవుతుంది? ఈ ఒక్క ప్రశ్న వేసుకొనే అలవాటు ఉన్నవారు ఈ తప్పును పరీక్షలో వదిలిపెట్టరు.

క.సా.గు. వెంటనే తట్టకపోతే రెండు హారాలనూ గుణించి 48 తీసుకున్నా తప్పులేదు. 40/48 + 18/48 = 58/48, దాన్ని రెండుతో కొట్టేస్తే అదే 29/24. పని కాస్త పెరుగుతుంది, అంతే. అయితే కంప్యూటర్ మీద చేసే హోంవర్క్‌లో సింప్లిఫై చేయమని, మిక్స్‌డ్ నంబర్‌గా రాయమని స్పష్టంగా అడిగిన చోట 58/48 అని నింపితే తప్పుగానే లెక్క పడుతుంది. సూక్ష్మరూపం అడిగారా, మిశ్రమ భిన్నం అడిగారా అన్నది ప్రశ్న చివరి వాక్యంలో ఉంటుంది. దాన్ని చదవకుండా జవాబు నింపకండి. మన క.సా.గు.ను హారాల విషయంలో అక్కడ ఎల్‌సీడీ (లీస్ట్ కామన్ డినామినేటర్) అంటారు.

తీసివేతలో అసలు చిక్కు మిశ్రమ భిన్నాలతో వస్తుంది. అమెరికాలో కొలతలు ఇప్పటికీ అంగుళాల్లో, అడుగుల్లో ఉండటం వల్ల ఈ రకం లెక్కలు కోర్సులో విరివిగా వస్తాయి. అక్కడి కొలత టేపు మీద అంగుళాన్ని సాధారణంగా పదహారు భాగాలు చేసి ఉంటారు. సగం గీత అన్నిటికన్నా పొడవు, పావు గీత దానికంటే పొట్టి, ఎనిమిదో భాగం గీత ఇంకా పొట్టి, పదహారో భాగం గీత మరీ పొట్టి. మిల్లీమీటర్లకు అలవాటుపడిన కంటికి ఇది మొదట గజిబిజిగా ఉన్నా, అర, పావు, ఎనిమిదో వంతు, పదహారో వంతు ఒకదానిలో ఒకటి ఎలా ఇమిడి ఉన్నాయో చూపడానికి ఇంతకంటే మంచి బొమ్మ పుస్తకంలో దొరకదు. టేపు ఒకటి దగ్గర పెట్టుకొని ఈ కింది లెక్క చదవండి.

7 1/4 అంగుళాల పొడవున్న పట్టీలోంచి 2 5/8 అంగుళాల ముక్క తీసివేస్తే మిగిలేది ఎంత?

అంచనా: తీసేది రెండుకూ మూడుకూ మధ్య. ఏడుంబావులోంచి మూడు తీసేస్తే నాలుగుంబావు, రెండు తీసేస్తే అయిదుంబావు. జవాబు ఈ రెంటి మధ్య ఉండాలి. అంతేకాక 2 5/8 మూడుకే దగ్గర, కాబట్టి జవాబు 4 1/4 వైపే ఉండాలి.

లెక్క: ఎనిమిదో భాగాల్లోకి మారిస్తే 7 2/8 − 2 5/8. రెండు ముక్కల్లోంచి అయిదు ముక్కలు పోవు, కనుక ఏడులోంచి ఒకటి తెచ్చుకోవాలి. ఇక్కడ ఆగండి. పూర్ణసంఖ్యల తీసివేతలో పక్క స్థానం నుంచి ఒకటి తెచ్చుకుంటే అది పది అవుతుంది. అలవాటుపడిన చెయ్యి ఇక్కడా పది తెచ్చి, రెండు పక్కన చేర్చి 12/8 అని రాసేస్తుంది. కానీ ఒక అంగుళంలో ఎనిమిదో భాగాలు ఎనిమిదే. తెచ్చుకున్న ఒకటి విలువ 8/8, దానికి ఉన్న 2/8 చేరితే 10/8. కాబట్టి 6 10/8 − 2 5/8 = 4 5/8.

ఇదే లెక్కలో సాధారణంగా వచ్చే తప్పు జవాబులు రెండు. పెద్దదానిలోంచి చిన్నది తీసే అలవాటుతో 5/8లోంచి 2/8 తీసేసినవారికి 5 3/8 వస్తుంది. అది మన అంచనా దాటిపోయింది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. పది తెచ్చుకున్నవారికి 4 7/8 వస్తుంది. ఇది అంచనా లోపలే ఉంది కాబట్టి అంచనా దాన్ని పట్టుకోలేదు. అందుకే తీసివేతకు రెండో కాపలా కూడా అవసరం: వచ్చినదాన్ని తీసేసినదానితో కలిపి చూడడం. 2 5/8 + 4 7/8 = 6 12/8, అంటే 7 1/2. మనం మొదలుపెట్టింది 7 1/4తో. తప్పు బయటపడింది. సరైన జవాబుతో చూస్తే 2 5/8 + 4 5/8 = 6 10/8 = 7 2/8 = 7 1/4.

ఒకటి తెచ్చుకోవడం అసలే లేని దారి కూడా ఉంది. కొట్టులో చిల్లర తిరిగి ఇచ్చేవారు లెక్కపెట్టే తీరులో కింది నుంచి పైకి వెళ్ళడమే. 2 5/8 నుంచి 3 దాకా 3/8. 3 నుంచి 7 దాకా 4. 7 నుంచి 7 1/4 దాకా 2/8. మొత్తం 4 5/8. టేపు మీద వేలు జరుపుతూ దీన్ని ఒకసారి చేసినవారికి తీసివేత అంటే రెండు గీతల మధ్య దూరమన్న సంగతి ఇక విడమరచి చెప్పనక్కరలేదు. పరీక్షలో పద్ధతి ప్రకారం ఒకటి తెచ్చుకొని చేయండి, సరిచూసుకోవడానికి ఈ దారి వాడండి. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వస్తే దాన్ని పూర్తిగా నమ్మవచ్చు.

ఇక ఈ యూనిట్‌ను ఎలా చదవాలన్న విషయం. ఎవరి వేగంతో వారు చదవడం, ఒక యూనిట్ పూర్తిగా పట్టుబడ్డాకే తర్వాతిదానికి వెళ్ళడం అన్న రెండు సూత్రాలనూ కలిపి కాలేజీ బోధనకు ఒక పద్ధతిగా 1968లో ప్రచురించినది మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడ్ కెల్లర్. ఆయన పద్ధతిలో ప్రతి యూనిట్ పరీక్షనూ అప్పటికే ఆ పాఠం నేర్చుకున్న మరో విద్యార్థి అక్కడికక్కడే దిద్ది, తప్పు ఎందుకు వచ్చిందో విద్యార్థితో మాట్లాడేవాడు. ఈ పద్ధతిలో మొదటినుంచీ కనిపించిన ఇబ్బంది వాయిదా వేయడం: గడువులు లేవు కదా అని ఆగినవారు ఆగిపోయేవారు. నేటి కోర్సుల్లో దిద్దే పని కంప్యూటర్ చేస్తుంది; వాయిదా ఇబ్బంది అలాగే మిగిలింది, మాట్లాడే మనిషి మాత్రం పక్కకు తప్పుకున్నాడు. ఆ మనిషిని మనమే వెతుక్కోవాలి. కాలేజీ గణితం ల్యాబ్‌లోనో ట్యూటరింగ్ సెంటర్‌లోనో ఉండే ట్యూటర్ దగ్గరకు వెళ్ళినప్పుడు జవాబు అడగకండి. మీరు చేసిన లెక్కను అన్ని మెట్లతో సహా చూపించి, ఏ మెట్టు దగ్గర దారి తప్పిందో అడగండి. ఇందుకోసమే హోంవర్క్‌ను తెర మీద కాక నోటుపుస్తకంలో చేయాలి.

హోంవర్క్ తెర మీద ఇలాంటి లెక్కనే ఉదాహరణగా చేసి చూపించే బటన్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అది మంచిదే గాని, దాన్ని తెరిచి ఉంచి పక్కన సంఖ్యలు మారుస్తూ చేసిన లెక్క మీది కాదు. ఉదాహరణ చదవండి, మూసేయండి, కొత్త సంఖ్యలతో ఖాళీ కాగితం మీద మొదటినుంచి చేయండి. మధ్యలో ఆగితే మళ్ళీ తెరవండి, కానీ తర్వాత మళ్ళీ మొదటినుంచే చేయండి. పర్యవేక్షణలో రాసే యూనిట్ పరీక్షలో ఆ బటన్ ఉండదు, అంకగణితం కోర్సుల్లో చాలాచోట్ల కాలిక్యులేటర్ కూడా ఉండనివ్వరు.

వేగం మీదే అయినా సెమిస్టర్ చివరి తేదీ కాలేజీదే. సిలబస్ చూసి ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ మిగిలిన యూనిట్లకు వారాలు కేటాయించండి, భిన్నాలకు మాత్రం మిగతావాటికి ఇచ్చినదానికి రెట్టింపు ఇవ్వండి. ఈ స్థాయి కోర్సు క్రెడిట్లు సాధారణంగా డిగ్రీకి లెక్కకు రావు. ఫెడరల్ ఆర్థిక సహాయం పొందేవారికి ఇలాంటి పునాది కోర్సుల మీద 30 సెమిస్టర్ క్రెడిట్ల పరిమితి కూడా ఉంది. కోర్సును మళ్ళీ తీసుకోవలసి వస్తే ఖర్చయ్యేది కాలం ఒక్కటే కాదు.

అభ్యాసం కోసం ఆరు లెక్కలు. ప్రతిదానికీ ముందు అంచనా రాయండి, తీసివేతలను కూడి సరిచూడండి.

1. 2/3 + 1/4
2. 7/10 + 5/6
3. 3 5/8 + 2 11/16
4. 9 − 4 7/16
5. 5 1/6 − 2 3/4
6. 36 అంగుళాల చెక్కలోంచి ఒక్కొక్కటి 10 3/8 అంగుళాల చొప్పున మూడు ముక్కలు కోస్తే మిగిలేది ఎంత? రంపం ప్రతి కోతలో 1/8 అంగుళం చెక్కను పొట్టుగా తినేస్తుందనుకుంటే, మూడు కోతల తర్వాత మిగిలేది ఎంత?

నాలుగో లెక్కలో తొమ్మిదికి భిన్నభాగం లేదు కదా అని తికమకపడవద్దు. తొమ్మిదిని 8 16/16 అని రాసుకుంటే దారి కనిపిస్తుంది. ఆరో లెక్కలో పొట్టును లెక్కలోకి తీసుకోవడం పుస్తకంలో అరుదు గాని, వడ్రంగం చేసేవారు దాన్ని మరవరు.

జవాబులు: 1) 11/12. 2) 1 8/15. 3) 6 5/16. 4) 4 9/16. 5) 2 5/12. 6) 4 7/8 అంగుళాలు, పొట్టు పోగా 4 1/2 అంగుళాలు.

అయిదో లెక్కలో 2 1/12 వచ్చినవారు పన్నెండు ముక్కలు తెచ్చుకోవలసిన చోట ఎనిమిదే తెచ్చుకున్నారు. 3 7/12 వచ్చినవారు పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీసేశారు. ఇద్దరూ ఏడుంబావు అంగుళాల పట్టీ లెక్కను టేపు మీద మరోసారి చేసి, ఆ తర్వాతే యూనిట్ పరీక్షకు తేదీ తీసుకోండి. వచ్చే పాఠంలో భిన్నాల గుణకార భాగహారాలు చూద్దాం. వాటికి హారాలు సమానం చేయవలసిన పని లేదు.