ఆక్రమిత ఫ్రాన్సులో పగ: ప్రతిఘటన యోధురాలి నవల ఎలా రాయాలి?

రెండో ప్రపంచ యుద్ధం, జర్మన్ల చేతిలో పోయిన భర్త, పిస్తోలు పట్టిన భార్య. కథ ఇంతవరకు ఎవరికైనా తడుతుంది. ఆ తర్వాత మూడొందల పేజీలు వెంటాడించి, చివరి అధ్యాయంలో ఆఫీసరు గుండెల్లో తూటా దింపించి ముగించేస్తారు. దాన్నే ఎత్తుకెళ్లి ఫ్యాక్షన్ ఊళ్లో పెట్టినా ఒక్క సన్నివేశం మార్చే పని ఉండదు. అలాంటిదాన్ని యుద్ధ నవల అనలేం. ఆక్రమిత ఫ్రాన్సులో పగకి వేరే లెక్క ఉంది. తూటా పేల్చినవాళ్లు తప్పించుకుంటే ఆ బాకీ జైల్లో ఉన్న మరెవరో కట్టేవారు. ఈ లెక్కని కథలో ఎలా అల్లాలన్నదే అసలు పని. మిగతావి త్వరగా కానిచ్చేద్దాం.

1. దగ్గర పెట్టుకోవాల్సినవి

రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, ఫ్రాన్సు మ్యాపు, మీరు ఎంచుకున్న ఊరి మ్యాపు, 1943, 1944 సంవత్సరాల క్యాలెండర్లు. క్యాలెండర్లలో పౌర్ణములు ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. బ్రిటిష్ ఏజెంట్లని దింపే లైసాండర్ విమానాలు వెన్నెల రాత్రుల్లోనే వచ్చేవి, పైలట్‌కి పొలాలు, ఏళ్లు కంటికి ఆనాలి కాబట్టి. 1943 జూన్ 18న పౌర్ణమి. బ్రిటిష్ ఏజెంటు నూర్ ఇనాయత్ ఖాన్‌ని ఫ్రాన్సులో దింపింది 16వ తేదీ రాత్రి. కటిక చీకట్లో రహస్యంగా దిగిందని రాస్తే మీకు బాగానే ఉండొచ్చు, సంగతి తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

నూర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆమె తండ్రి, సూఫీ సంగీతజ్ఞుడు ఇనాయత్ ఖాన్‌కి గురువు దొరికింది హైదరాబాదులోనే. ఆ చుట్టరికం చూసుకుని ఆమెనే నాయికగా పెట్టకండి. 1944 సెప్టెంబరులో డాహావు శిబిరంలో కాల్చి చంపిన నిజమైన మనిషికి మీ కల్పిత పగ అంటగట్టడం తప్పు. నాయిక పూర్తిగా మీ సొంత మనిషి కావాలి.

2. కాలం, ఊరు

చివరి అధ్యాయం తప్ప కథ ఏడాదిన్నర దాటకూడదు. 1943 ఫిబ్రవరి నుంచి 1944 ఆగస్టు వరకు చాలు. అప్పటిదాకా వదిలేసిన దక్షిణ ఫ్రాన్సులోకి కూడా జర్మన్లు దిగింది 1942 నవంబరు 11న. ఫ్రెంచివాళ్లనే ఫ్రెంచివాళ్ల మీదికి ఉసిగొల్పిన మిలీస్ దళం పుట్టింది 1943 జనవరి 30న. కుర్రాళ్లని జర్మనీ ఫ్యాక్టరీలకి పట్టుకుపోయే నిర్బంధ కార్మిక చట్టం వచ్చింది 1943 ఫిబ్రవరి 16న. ఆ చట్టం మీ నాయికకి ఎంతో అవసరం. ఆ తర్వాత రైల్లో కనబడిన ప్రతి యువకుణ్ణీ ఆపి కాగితాలు అడిగేవారు. బుట్టలో ముల్లంగి, దాని కింద కరపత్రాలు పెట్టుకుని పోయే ఆడమనిషి మీద అంత అనుమానం పోయేది కాదు. వార్తాహరులుగా అంతమంది స్త్రీలు పనిచేయడానికి అదొక ముఖ్య కారణం.

ఊరు పారిస్ వద్దు. అందరూ పారిసే రాస్తారు. లియాఁ తీసుకోండి. ఒక వీధిలో తలుపు తోసి లోపలికి పోతే ఇళ్ల మధ్యగా ఇంకో వీధిలో తేలే ట్రబూల్ అనే సందులున్న ఊరు అది. వెంటాడే సన్నివేశాన్ని ఊరే రాసిపెడుతుంది.

3. నాయికకి పని

వార్తాహరి పని ఇవ్వండి. రేడియో ఆపరేటర్ పని వద్దు. రేడియో రాస్తే పదిహేను కిలోల సూట్‌కేసు, ఇరవై మీటర్ల ఏరియల్, జాడ పసిగట్టే జర్మన్ వ్యాన్లు, సంకేత లిపి, వీటితోనే సగం నవల అయిపోతుంది. పగకి చోటు మిగలదు. వార్తాహరి సైకిలెక్కి ఊళ్లు తిరుగుతుంది, అందరినీ చూస్తుంది, ఎవరి అసలు పేరూ ఆమెకి తెలియదు. పగబట్టిన మనిషికి అంతకన్నా పెద్ద చిత్రహింస లేదు.

భర్త పోయిన మర్నాడే ప్రతిఘటన దళంలో చేరిపోయినట్టు రాయకండి. వియొలెట్ సాబో సంగతే చూడండి. భర్త 1942 అక్టోబరులో ఎల్ అలమేన్ యుద్ధంలో పోయాడు, పుట్టిన కూతుర్ని చూడకుండానే. ఆమె బ్రిటిష్ రహస్య సంస్థలో చేరి, నెలల తరబడి శిక్షణ పొంది, 1944లో గానీ ఫ్రాన్సులో దిగలేదు. పగ ఆ నెలల్లో చల్లారి గట్టిపడాలి. వేడివేడిగా ఉన్న పగతో నాలుగు అధ్యాయాలు నడుస్తాయి, నలభై నడవవు.

4. కాలికీ నోటికీ తగిలే వివరాలు

ఇక్కడ ఐదే చాలు, సరిగ్గా వేస్తే. పెద్దవాళ్లకి రేషన్ రొట్టె రోజుకి మూడొందల గ్రాముల లోపే. కాఫీ అంటే చికోరీ, వేయించిన బార్లీ. పాలు పిల్లలకే, కాబట్టి హోటల్లో “పాలు లేకుండా ఇవ్వండి” అని ప్రత్యేకంగా అడిగిన మనిషి ఆ దేశంలో ఉండటం లేదని అర్థమైపోతుంది. పొగాకు రేషన్ మగవాళ్లకే. మీ నాయిక పేజీకోసారి సిగరెట్టు వెలిగిస్తుంటే అది ఎక్కడిదో చెప్పి తీరాలి. జర్మన్లు గడియారాలని బెర్లిన్ సమయానికి తిప్పారు, జూన్‌లో పారిస్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి దాదాపు పది. “ఏడింటికే చీకటి పడింది” అని జూన్ నెలలో రాస్తే పరువు పోతుంది.

ఐదోది చెప్పులు. తోలంతా జర్మన్ల పాలైంది, జనం చెక్క అడుగులున్న చెప్పులు తొడిగారు. రాళ్లు పరిచిన వీధిలో ఆ అడుగు టక్ టక్‌మని రెండు ఇళ్ల అవతలికి వినబడుతుంది. అడుగున మేకు వదులైతే ఒక కాలి చప్పుడు రెండో కాలి చప్పుడులా ఉండదు. కర్ఫ్యూ వేళ నడిచే వార్తాహరికి అది చావుబతుకుల సంగతి. ఈ చెప్పుని మర్చిపోకండి, ఆరో మెట్టులో పని ఉంది.

5. పేర్లు, పిలుపులు

ఫ్రెంచి పేర్లని ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయకండి. జాక్వెస్ కాదు, జాక్. లూయిస్ కాదు, లూయీ. చివర పలకని అక్షరాల్ని తెలుగులోకి ఈడ్చుకొస్తే ప్రతి పేజీలో రాయి తగులుతుంది.

ఇంగ్లీషులో రాసేవాళ్లకి లేని వసతి మనకుంది. ఫ్రెంచిలోనూ మన నువ్వు, మీరు లాంటి తేడా ఉంది. నాయికా ఆమె నాయకుడూ మొదటి నుంచీ “మీరు” అనుకోవాలి. కమ్యూనిస్టు దళమైతే “నువ్వు”. “మీరు” అంటూ వచ్చిన నాయకుడు ఒక్కసారి “నువ్వు వెళ్లొద్దు” అన్నాడంటే, ఆ ఒక్క మాట ఒక పేజీ వర్ణన పెట్టు. నవల మొత్తంలో ఒక్కసారే వాడండి.

6. పగ ఖరీదు

ఇక్కడ నిదానించాలి. నూటికి తొంభై నవలలు చెడేది ఇక్కడే.

1941 అక్టోబరు 20న నాంత్ ఊళ్లో ఇద్దరు ముగ్గురు యువకులు జర్మన్ అధికారి కార్ల్ హోట్జ్‌ని కాల్చి చంపారు. ఆయనెవరో కాల్చిన కుర్రాడికి తెలియదు కూడా. రెండు రోజుల్లో 48 మంది బందీల్ని కాల్చేశారు. వాళ్లలో గీ మొకె అనే పిల్లాడికి పదిహేడేళ్లు, అతను జైలుకెళ్లింది కరపత్రాల కేసులో. 23వ తేదీ అర్ధరాత్రిలోగా హంతకులు దొరక్కపోతే ఇంకో యాభై మందిని చంపుతామని గోడల మీద పోస్టర్లు వేశారు. ఆ రెండో యాభై మందిని చివరికి చంపలేదు. కాల్చిన జిల్బేర్ బ్రుస్ట్‌లాఁ మాత్రం తప్పించుకుని 2009 దాకా బతికాడు. 1943 సెప్టెంబరులో పారిస్‌లో యూలియస్ రిట్టర్ అనే మరో జర్మన్ అధికారిని చంపినప్పుడు కూడా యాభై మందిని కాల్చారు. మీ నాయిక తూటాకి వెల ఇది. దీన్ని చివర్లో ఒక వాక్యంలో తేల్చేస్తే కుదరదు.

నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి బందీల జాబితా రాయండి. పది పేర్లు, వయసు, వృత్తి, ఏ నేరం మీద లోపలున్నారు. ఇది నవల మొదలుపెట్టకముందే జరగాలి. మధ్యలో రాస్తే ఆ పదిమందీ సంఖ్యలుగానే మిగిలిపోతారు. తర్వాత ఆ పదిమందిలో ఒకరిని మూడో అధ్యాయంలోకి తెండి, చిన్న పని మీద. చెప్పులు బాగుచేసే ముసలాయన అనుకుందాం. నాయిక చెక్క అడుగు చప్పుడు వేరేగా వస్తోందని గమనించి, ఆమె అడగకుండానే రబ్బరు ముక్క తొడిగి మేకు కొట్టి ఇస్తాడు. ఒకటిన్నర పేజీ చాలు. ఆయన మంచితనం గురించి ఒక్క విశేషణం వాడొద్దు. ఏడో అధ్యాయంలో ఇంకేదో కేసులో అరెస్టయ్యాడని ఎవరో యథాలాపంగా అనాలి.

ఇప్పుడు అసలు మెలిక. తను చంపితే ఆయన పోతాడని నాయికకి ముందే తెలియాలి. చాలామంది ఈ సంగతిని హత్య తర్వాత వెల్లడిస్తారు, పాఠకుడు ఉలిక్కిపడతాడని. ఉలిక్కిపడతాడు నిజమే, వెంటనే క్షమించేస్తాడు కూడా, పాపం తెలియక చేసిందని. అక్కడితో కథలో బరువు పోయింది. తెలిసి నిలబడిన మనిషి గురించే నవల. పిస్తోలు చేతికొచ్చిన అధ్యాయానికి ముందు అధ్యాయంలోనే పోస్టరు కనబడాలి. ఆమె దాన్ని పైనుంచి కిందికి చదవాలి, ముసలాయన పేరు ఉందో లేదో వెతకాలి.

నాయకుడు అనుమతి ఇవ్వకూడదు. ఇది చాలామంది చేసే రెండో తప్పు. నాంత్ తర్వాత 1941 అక్టోబరు 23న, లండన్ నుంచి పోరాటం నడిపిన ఫ్రెంచి నాయకుడు డిగోల్ అంతటివాడే రేడియోలో ఇప్పుడు జర్మన్లని చంపొద్దన్నాడు. దళం మొత్తాన్ని ప్రమాదంలో పెట్టే సొంత కక్షకి ఏ నాయకుడూ ఒప్పుకోడు. ఆమె దొరికిపోతే చిత్రహింసల్లో నలభై ఎనిమిది గంటలు నోరు మూసుకోవాలి, ఈలోగా మిగతావాళ్లు ఇళ్లు మారాలి. నాయకుడు చేతివేళ్లు మడుస్తూ ఎవరెవరు ఎన్ని ఇళ్లు మారాలో లెక్కపెట్టి చెప్పాలి. ఉపన్యాసం ఇవ్వకూడదు.

ఇక దారులు మూడు. ఒకటి, బందీల్ని కాపాడటానికి ఆమె వెళ్లి లొంగిపోవడం. సినిమాకి బాగుంటుంది, వద్దు. లొంగిపోతే బందీలు బతుకుతారన్న హామీ ఏమీ ఉండదు, పైగా ఆమెతోపాటు దళం రహస్యాలూ లొంగిపోతాయి. రెండు, జర్మన్‌ని వదిలేసి భర్తని పట్టిచ్చిన వేగుని చంపడం. ఇది కాస్త మెరుగే. కాకపోతే రుజువు ముప్పావు వంతే ఉండాలి, మిగతా పావు వంతు పాఠకుణ్ణి నిద్రపోనివ్వకూడదు. వాడే ద్రోహి అని మూడో పేజీలోనే తెలిసిపోతే వేట మిగులుతుంది గానీ సందేహం మిగలదు.

మూడోది రాయండి. ఆమె ఆగుతుంది. పిస్తోలు గురిపెట్టే దూరంలో ఆ ఆఫీసరు రెండుసార్లు ఎదురుపడతాడు, రెండుసార్లూ ఆగుతుంది. 1944 వేసవిలో తిరుగుబాటుకి దళాలు సిద్ధమయ్యాక, అప్పటిదాకా నిషేధమైన పనే ఆజ్ఞగా మారుతుంది. ఇది ఊహ కాదు. 1944 జూన్ 10న ఒరదూర్-సుర్-గ్లాన్ గ్రామంలో ఎస్.ఎస్. సైనికులు 640 మందికి పైగా జనాన్ని చంపారు. ఆ ఊరు తెలిసిన మదలెన్ రీఫో అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి, జులై 23న పారిస్‌లో పట్టపగలు వంతెన మీద ఒక జర్మన్ సైనికుణ్ణి కాల్చింది. సైకిలు మీద పారిపోతుంటే కారుతో గుద్ది పట్టుకున్నారు, చిత్రహింసలు పెట్టారు. బతికింది. నూరేళ్లు నిండి 2024లో పోయింది. కవయిత్రి కూడా. అయితే మీ నవలలో ఒకటి చేర్చాలి: ఆజ్ఞ వచ్చేనాటికి చెప్పుల ముసలాయన ఎవరో ఇంకొకరు చేసిన హత్యకి బదులుగా అప్పటికే పోయి ఉండాలి. ఆమె ఇన్నాళ్లు ఆగింది ఆయన కోసం. ఆగినా దక్కలేదు. ఇప్పుడామె గుండు పేలిస్తే ఎవరి కోసమన్నది మీరు తేల్చి చెప్పకండి.

7. హత్య సన్నివేశం

ఒక పేజీ. అంతే. ఆయుధం చిన్న పిస్తోలు. స్టెన్ గన్ పెట్టాలనుకుంటే ముప్పై రెండు తూటాల మ్యాగజైన్‌లో ఇరవై ఎనిమిదే నింపించండి, నిండా కుక్కితే ఇరుక్కునేది. బాంబు పెడితే రంగు చూసుకోండి. బాంబుని ఆలస్యంగా పేల్చే టైమ్ పెన్సిల్ నలుపు అంటే పది నిమిషాలు, ఎరుపు అరగంట, చలికాలంలో ఇంకా ఆలస్యం. ఆఫీసరు చచ్చేముందు ఆమెని గుర్తుపట్టి ఏదో అనడం, ఆమె భర్త పేరు చెప్పడం, ఇవేవీ వద్దు. వాడికి ఆమె ఎవరో తెలియకుండానే పోవాలి.

8. చివరి అధ్యాయం

విముక్తి ఊరేగింపుతో ముగించొద్దు. డిగోల్ స్థాపించిన విముక్తి పురస్కారం 1,038 మంది వ్యక్తులకి దక్కింది, వాళ్లలో స్త్రీలు ఆరుగురు. ఫ్రెంచి ఆడవాళ్లు మొదటిసారి ఓటేసింది 1945 ఏప్రిల్ 29న. పారిస్ వద్దన్నాను గానీ ఈ ఒక్క అధ్యాయానికి అక్కడికి వెళ్లాల్సిందే. లుటేషియా హోటల్ ఆక్రమణ కాలంలో జర్మన్ సైనిక గూఢచారుల స్థావరం. 1945 వసంతంలో అదే హోటల్లో శిబిరాల నుంచి తిరిగొచ్చినవాళ్లని దించారు. వచ్చినవాళ్ల ముందుకి బంధువులు ఫోటోలు పట్టుకుని వెళ్లేవారు, ఈ మనిషిని చూశారా అని. నాయికని ఆ వరండాలో నిలబెట్టండి, దళంలో తనతో పనిచేసిన అమ్మాయి ఫోటోతో. ఆమెకి అసలు పేరు తెలియదు కాబట్టి మారుపేరే అడగాలి. చెప్పులు పాతవే, రబ్బరు ముక్క అరిగిపోయింది, నడిచినప్పుడు ఒక కాలు మళ్లీ చప్పుడు చేస్తోంది.