క్టెసిబియస్ జంట పంపు, హెరాన్ నాణెం పాత్ర: ఇంట్లో చేసి చూసే పద్ధతి

చిమ్మనగ్రోవిని రంగునీళ్లలో ముంచి లోపలి కడ్డీని వెనక్కు లాగితే నీరు లోపలికి వస్తుంది. ముందుకు నెడితే అదే రంధ్రం గుండా బయటికి చిమ్ముతుంది. వచ్చే దారి, పోయే దారి ఒకటే కాబట్టి ప్రతిసారీ దానిని మళ్లీ నీళ్లలో ముంచవలసిందే. ఆ దారిని రెండుగా విడదీసి, ఒక్కొక్క దానికి ఒకే వైపు తెరుచుకునే తలుపు అమర్చితే, అదే గొట్టం ఉన్నచోటనే ఉండి కింది నుంచి నీటిని తీసుకుంటూ పైకి పంపుతూ ఉంటుంది. పంపు అంటే ఇంతే. తలుపుకు సంస్కృతంలో కవాటమని పేరు. గుండెలోని కవాటాల గురించి చెప్పేటప్పుడు మన పాఠ్యపుస్తకాలు వాడేది కూడా ఈ మాటనే. కాబట్టి ఈ పనిలో మీ శ్రద్ధలో ఎక్కువ భాగం గొట్టాల మీద కాక కవాటాల మీద ఉండాలని మొదటే చెబుతున్నాను.

ఈ యంత్రాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో ఉండిన క్టెసిబియస్ కనిపెట్టాడని ప్రాచీన రచయితలు చెప్పారు. అతడు మంగలి కొడుకు. తండ్రి దుకాణంలో అద్దాన్ని సులువుగా పైకీ కిందికీ జరపడానికి అతడు తాడుకు సీసపు బరువు కట్టి దానిని ఇరుకైన గొట్టంలోకి వదిలాడనీ, బరువు దిగేటప్పుడు లోపలి గాలి నలిగి ధ్వనితో బయటికి రావడం గమనించి గాలితోనూ నీటితోనూ పనిచేసే యంత్రాల వైపు మళ్లాడనీ రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. క్టెసిబియస్ సొంత రచనలు ఒక్కటీ మిగలలేదు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో విట్రూవియస్ తన గ్రంథం పదో భాగంలో రాసిన వర్ణనే ఈ పంపు విషయంలో మనకు దారి చూపుతుంది: పక్కపక్కన రెండు కంచు గొట్టాలు, వాటి అడుగున కవాటాలు, రెండింటి నుంచీ వచ్చి ఒకే నడిమి పాత్రలో కలిసే పాయలు, ఆ పాత్రలోకి తెరుచుకునే మరో రెండు కవాటాలు, తరిమెన (లేత్) పట్టి నునుపు చేసి నూనె రాసిన పిస్టన్లు (గొట్టం లోపల కదిలే కడ్డీలు). మనం చేయబోయేది సరిగ్గా ఇదే అమరిక.

కావలసిన వస్తువులు

సూది లేని కొత్త 50 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు తీసుకోవాలి. ఆసుపత్రిలో వాడి పారేసిన వాటిని ఏ పరిస్థితిలోనూ ముట్టుకోరాదు. చేపల తొట్టె సామాను అమ్మే దుకాణంలో గాలి పంపుకు వాడే సన్నని ప్లాస్టిక్ గొట్టం 4 మీటర్లు, ఆ గొట్టానికి సరిపడే నాన్ రిటర్న్ వాల్వులు (ఒకే వైపు తెరుచుకునే కవాటాలు) నాలుగు, ఇంగ్లీషు T (టీ) అక్షరం ఆకారపు కలుపుళ్లు మూడు దొరుకుతాయి. వీటితోపాటు గట్టి మూత ఉన్న చిన్న సోడా సీసా, 60 సెంటీమీటర్ల చెక్క బద్ద, పీఠంగా ఒక చెక్క పలక, బైండింగ్ తీగ, ఎంసీల్, పాత సైకిల్ ట్యూబు ముక్క ఉంటే చాలు.

ముందుగా ఒక కవాటాన్ని చేతితో చేయాలి

దుకాణంలో కొన్న కవాటాలను నేరుగా బిగిస్తే పంపు పనిచేస్తుంది గాని, అది ఎందుకు పనిచేస్తోందో చేతికి తెలియదు. అందువల్ల ఒక సీసా మూతకు నడుమ 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, సైకిల్ ట్యూబు నుంచి 15 మిల్లీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి, రంధ్రాన్ని పూర్తిగా కప్పేటట్లు మూత లోపలి వైపు ఉంచి, ఒక అంచును మాత్రమే జిగురుతో అతికించండి. మిగిలిన మూడు అంచులు స్వేచ్ఛగా ఉండాలి. జిగురు ఆరిన తరువాత బయటి వైపు నుంచి రంధ్రంలోకి ఊదితే రబ్బరు ముక్క రెక్కలా లేచి గాలికి దారి ఇస్తుంది. అదే వైపు నుంచి పీలిస్తే రంధ్రానికి అతుక్కుని దారి మూసేస్తుంది. దానిని ఎవరూ తెరవడం లేదు, ఎవరూ మూయడం లేదు. ఏ వైపు ఒత్తిడి ఎక్కువైతే ఆ ఒత్తిడే తలుపును నడుపుతున్నది. రెండు వేల ఏళ్ల పైబడిన ఈ ఆలోచనలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. పీల్చినప్పుడు గాలి ఏమాత్రమైనా వస్తుంటే రంధ్రపు అంచున ప్లాస్టిక్ గరుకు మిగిలిందని అర్థం. సన్నని గరుకు కాగితంతో దానిని నునుపు చేసి మళ్లీ చూడండి.

కొన్న నాలుగు కవాటాలను కూడా ఇలాగే నోటితో ఊది పరీక్షించి, గాలి పోయే దిక్కును పెన్నుతో బాణం గుర్తుగా రాసుకోండి. వాటి మీద ముద్రించిన గుర్తును నమ్మి వదిలేయవద్దు. పంపు పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు తిరగేసి బిగించిన ఒక్క కవాటమే అవుతుంది.

గొట్టాల అమరిక

ఒక్కొక్క సిరంజి మూతికి చిన్న గొట్టం ముక్క తొడిగి, దానిని ఒక టీ కలుపుడు నడిమి కాలికి కలపాలి. టీ ఒక చేతికి నీటి బకెట్టులోకి దిగే గొట్టం వస్తుంది. దాని మీది కవాటపు బాణం సిరంజి వైపు చూడాలి. రెండో చేతికి సోడా సీసా వైపు వెళ్లే గొట్టం వస్తుంది. దాని మీది కవాటపు బాణం సీసా వైపు చూడాలి. రెండు సిరంజిలకూ ఇలాగే చేసిన తరువాత, సీసా వైపు వచ్చే రెండు పాయలను మూడో టీతో ఒకటిగా కలపండి.

సీసా మూతకు రెండు రంధ్రాలు చేసి, కలిసిన పాయను ఒక రంధ్రం గుండా మూతకు కొద్దిగా కిందికి మాత్రమే దించండి. రెండో రంధ్రం గుండా వెళ్లే గొట్టం సీసా అడుగుకు దగ్గరగా చేరాలి. దాని బయటి కొస మన చిమ్ముడు గొట్టం. మూత చుట్టూ, రంధ్రాల చుట్టూ ఎంసీల్ పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. నీరు చేరేకొద్దీ సీసా పై భాగంలో చిక్కుకున్న గాలి నలిగి, స్ప్రింగులా నీటిని బయటికి నెడుతూ ఉంటుంది కాబట్టి ధార తెగిపోకుండా వస్తుంది.

ఊగే బద్ద

సిరంజిలను మూతులు కిందికి ఉండేటట్లు, ఒకదానికొకటి 16 సెంటీమీటర్ల దూరంలో, పీఠంపై నిలబెట్టిన చెక్కకు తీగతో గట్టిగా బిగించండి. వాటికి పైన సరిగ్గా నడుమ ఒక మేకు కొట్టి, చెక్క బద్దను దాని నడిమి రంధ్రంతో తూనిక కాడలా తగిలించాలి. బద్ద అడుగు భాగం సిరంజి పిస్టన్ల తలలను నొక్కుతుంది. లాగడానికి వీలుగా ఒక్కొక్క తలకు రెండు రంధ్రాలు చేసి తీగతో బద్దకు కట్టండి. తీగను కొద్దిగా వదులుగా ఉంచాలి, ఎందుకంటే బద్ద ఊగేటప్పుడు దాని చివర గుండ్రంగా కదులుతుందే గాని నిటారుగా దిగదు. బిగించి కడితే పిస్టన్ పక్కకు ఒరిగి గాలి లాగుతుంది.

పిస్టన్‌ను మొత్తం పొడవు కదిలించవలసిన పని లేదు. 5 సెంటీమీటర్లు కదిలితే ఒక్కొక్క సిరంజి దాదాపు 30 మిల్లీలీటర్ల నీరు పంపుతుంది. బద్ద ఒకసారి అటూ ఇటూ ఊగితే 60 మిల్లీలీటర్లు. ఒకటి నీటిని తీసుకుంటున్నప్పుడు రెండోది నెడుతూ ఉంటుంది కాబట్టి, మనిషి శ్రమలో ఏ సగమూ వృథా కాదు. అగ్ని ఆర్పడానికి వాడే జంట పంపును క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకే చెందిన హెరాన్ వర్ణించినప్పుడు అక్కడ కూడా ఇటువంటి ఊగే దూలమే ఉంది. చిమ్ముడు మూతిని కావలసిన వైపు తిప్పుకునే వీలు కూడా అతడు చెప్పాడు.

ఎంత బలం కావాలో లెక్క వేసుకోవచ్చు. సిరంజి లోపలి వ్యాసం సుమారు 28 మిల్లీమీటర్లైతే పిస్టన్ వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. నీటిని 2 మీటర్ల ఎత్తుకు పంపాలంటే చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల ఒత్తిడి కావాలి. అంటే పిస్టన్ మీద దాదాపు 1,200 గ్రాముల బరువు. సిరంజి నడిమి మేకుకు 8 సెంటీమీటర్ల దూరంలోనూ, మీ చెయ్యి 24 సెంటీమీటర్ల దూరంలోనూ ఉంటే అందులో మూడో వంతు, 400 గ్రాములు చాలు. రాపిడికి మరికొంత కలుపుకోవాలి. పిస్టన్ బిగుసుకుంటే ఒక చుక్క ఆముదం రాయండి. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ వంటివి రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానివ్వవద్దు.

నీరు రాకపోతే

బద్దను ఊపుతుంటే బకెట్టు గొట్టంలో బుడగలు వరుసగా కనిపిస్తే తీసుకునే వైపు ఎక్కడో గాలి దూరుతున్నది. ప్రతి అతుకునూ నీళ్లలో ముంచి చూస్తే చోటు తెలుస్తుంది. నీరు సిరంజిలోకి వచ్చి తిరిగి బకెట్టులోకే పోతుంటే అడుగు కవాటం (బకెట్టు వైపుది) కారుతున్నది. సిరంజి నెట్టడానికి రాళ్లలా గట్టిగా ఉంటే పై కవాటం (సీసా వైపుది) తిరగబడి ఉంది. మొదటిసారి గొట్టాలన్నీ పొడిగా ఉన్నప్పుడు కవాటాలు సరిగ్గా మూసుకోకపోవచ్చు. అప్పుడు సిరంజిలలో కాస్త నీరు నింపి మొదలుపెట్టాలి. పాత చేతి పంపులో చెంబెడు నీళ్లు పోసి కొట్టే అలవాటు వెనక ఉన్న కారణమూ ఇదే. తోలు వాషరు తడిసి ఉబ్బితే గాలి దూరే సందు మూసుకుపోతుంది.

బకెట్టును సిరంజిల కంటే ఎంత కిందికి దించవచ్చు? పిస్టన్ నీటిని నిజంగా లాగదు. అది ఖాళీ చేసిన చోటుకు బయటి గాలి ఒత్తిడి నీటిని నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ ఒత్తిడి మోయగలిగినది సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభం మాత్రమే. ఇటలీలో 1640లలో టోరిచెల్లి పాదరసంతో ఈ సంగతి తేల్చాడు. విట్రూవియస్ వర్ణించిన పంపుకు కవాటాలు గొట్టాల అడుగునే ఉండటం వల్ల దానిని నీటిలోనే నిలబెట్టవచ్చు, అప్పుడీ పరిమితి అడ్డు రాదు. మన పల్లెల్లో బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2 పంపులో కూడా పిస్టన్ గొట్టం పైన కనిపించే భాగంలో ఉండదు; పొడవైన కడ్డీల చివర, బోరు లోపల నీటి మట్టానికి కింద ఉంటుంది. అందుకే అది 10 మీటర్లకు ఎంతో దిగువనున్న నీటిని అందుకోగలుగుతుంది.

కొలిచి పోసే పాత్ర

నీటిని పైకి ఎత్తడం ఒక పని, కొలత ప్రకారం పోయడం మరో పని. బడిలో త్రిభుజ వైశాల్యానికి మనం చదువుకునే సూత్రం ఎవరి పేరున ఉందో, ఆ హెరాన్ గుడిలో వాడే ఒక పాత్రను వర్ణించాడు. అందులో ఐదు డ్రాక్మాల (ప్రాచీన గ్రీకు డబ్బు) నాణెం వేస్తే శుద్ధి చేసుకోవడానికి కొద్దిగా నీరు వచ్చి ఆగిపోతుంది. నాణెం పాత్ర లోపల ఉన్న దూలానికి ఒక కొసనున్న పళ్లెంలో పడుతుంది. ఆ కొస వంగి రెండో కొస లేచి కవాటాన్ని తెరుస్తుంది. వంగిన పళ్లెం నుంచి నాణెం జారిపోగానే కవాటం తన బరువుతో మూసుకుంటుంది.

ఇంట్లో ఇలాంటిది చేయడానికి డబ్బా అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, రబ్బరు అతికించిన తేలికైన బిళ్లను దాని మీద ఉంచి, బిళ్లను దారంతో పైనున్న దూలానికి కట్టండి. బిళ్ల బరువును దూలం రెండో వైపు చిన్న బరువుతో దాదాపు సమం చేయాలి; బిళ్ల వైపు మాత్రం పిసరంత మొగ్గు ఉండాలి. డబ్బాలో 15 సెంటీమీటర్ల నీరు ఉంటే రంధ్రం మీద బిళ్లను నొక్కే బరువు 4 గ్రాములకు కాస్త ఎక్కువ. పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు ఉంటుంది కాబట్టి, దూలం రెండు చేతులు సమానంగా ఉన్నా తెరవగలదు. రూపాయి నాణెంతో తెరవాలనుకుంటే నాణెం వైపు చేతిని రెట్టింపు పొడవు చేయండి, లేదా రంధ్రాన్ని 4 మిల్లీమీటర్లకు తగ్గించండి. అప్పుడు బిళ్ల మీద బరువు 2 గ్రాములకు లోపే ఉంటుంది.

పళ్లెం ఎంత వాలుగా ఉందన్నదే ఈ పాత్రకు కొలతబద్ద. పళ్లెం దూలానికి సమంగా ఉంటే నాణెం ఆలస్యంగా జారి నీరు ఎక్కువ వస్తుంది. ముందే కొంచెం వంచి ఉంచితే త్వరగా జారి తక్కువ వస్తుంది. కింద కొలగ్లాసు పెట్టి పదిసార్లు నాణెం వేసి చూడండి. డబ్బాలో మట్టం తగ్గేకొద్దీ ధార మందగించి కొలత తగ్గుతుంది కాబట్టి, ప్రతి రెండు మూడు సార్లకు ఒకసారి మన జంట పంపు చిమ్ముడు గొట్టాన్ని డబ్బాలోకి తిప్పి, 15 సెంటీమీటర్ల గీత దాకా మళ్లీ నింపుతూ ఉండాలి.