ఇంట్లో జిగ్ తయారీ – మూడవ భాగం: కుచ్చు కట్టడం

జిగ్ అంటే సీసపు తల, దాని వెనుక వెంట్రుకలూ ఈకల కుచ్చూ ఉన్న, చేపలు పట్టే గాలపు ఎర. గత భాగంలో సీసం కరిగించి గాలపు కాడ చుట్టూ ఆ తల పోసుకున్నాము. అచ్చులో చుక్క తడి ఉన్నా సీసం చిమ్ముతుందనీ, దాని పొగ పీల్చరాదనీ అప్పుడే చెప్పుకున్నందున, ఇప్పుడు ఆ తల వెనుక కట్టవలసిన కుచ్చు గురించి మాత్రమే చూద్దాము.

ఇచ్ఛాపురం పక్కగా పారి సునాపూర్ దగ్గర సముద్రంలో కలిసే బాహుదా నది మొగలో, పోటు తీసి నీరు సముద్రానికి లాగే వేళ రొయ్యలూ చిరుచేపలూ దానితోపాటు కొట్టుకువస్తాయి. పండుగప్ప చేప వాటి కోసం లోతు పట్టున కాచుకుని ఉంటుంది. ఆ లాగుడులో ఎర అడుగుకు చేరాలంటే 20 నుంచి 30 గ్రాముల తల కావాలి. నీరు నిలకడగా ఉంటే 10 నుంచి 15 గ్రాములు చాలు. అయితే తల బరువు ఒక్కటే లెక్క కాదు. కుచ్చు ఎంత దట్టంగా ఉంటే నీరు దానిని అంతగా పట్టి నిలుపుతుంది కనుక, 20 గ్రాముల తల కూడా ఒత్తు కుచ్చుతో నెమ్మదిగా దిగుతూ, అడుగును చేరకముందే ప్రవాహంలో దూరం కొట్టుకుపోతుంది. కొత్తగా కట్టేవారు దుకాణంలోని జిగ్‌లా నిండుగా కనిపించాలని గుత్తులు గుత్తులుగా కట్టడం చూస్తుంటాము. నా మటుకు, తడిసిన కుచ్చులోంచి గాలపు కాడ లీలగా కనబడాలి. కనబడకపోతే సగం తీసివేయవలసిందే.

విదేశాలలో ఈ పనికి జింక తోక వెంట్రుకలు వాడతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నందున వాటి జోలికి పోరాదు. మేక తోక వెంట్రుక, నాటు పుంజు ఈకలు దీటుగా పనిచేస్తాయి. పుంజు మెడ మీదివీ, తోక మొదట్లో నడుముకు ఇరువైపులా వేలాడేవీ అయిన సన్నటి పొడుగు ఈకలే నీటిలో బాగా ఆడతాయి. రెక్క ఈకలు బిరుసు, పనికిరావు. పందెం కోళ్ల రంగుల పేర్లు ఇక్కడ అక్కరకొస్తాయి: తేట నీటికి సేతువ (తెలుపు), వరద బురదకు కాకి (నలుపు), రొయ్యను పోలాలంటే డేగ (ఎరుపు). ఈకలను సబ్బునీటిలో కడిగి నీడన ఆరబెట్టిన తరువాతే వాడాలి.

ఇక కట్టడం. గాలాన్ని వంపు దగ్గర వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) బిగించి, సన్నటి గట్టి నైలాన్ దారాన్ని తల వెనుక ఆనించి, దాని కొస మీదుగానే ఆరేడు చుట్లు చుట్టి, మిగిలిన కొసను కత్తిరించాలి. అగ్గిపుల్ల మందం వెంట్రుకలు తీసుకుని, పొట్టివాటిని దువ్వి పారవేసి, కొనలు గాలపు వంపు దాటి కాడంత పొడవు మిగిలేలా కాడ పైన ఉంచాలి. మొదటి రెండు చుట్లు వదులుగా వేసి, మూడవదానిని నిటారుగా పైకి లాగి బిగించాలి. ఆరంభంలోనే బిగిస్తే వెంట్రుకలన్నీ దారంతోపాటు తిరిగి ఒక పక్కకు చేరుతాయి. అలాంటివే మరి రెండు చిన్న పాయలను చెరొక ప్రక్కనా కట్టి, వాటిపైన జత ఈకలను చేర్చాలి. ఈకల వంపు బయటికి ఉంటే, లాగి ఆపిన ప్రతిసారీ అవి విచ్చుకుని మళ్లీ ముడుచుకుంటాయి. లోపలికి ఉంటే అంటుకుపోయి సన్నటి చిరుచేపలా కనిపిస్తాయి. మొగలో నాకు మొదటిదే నచ్చుతుంది.

ముగింపు ముడికి పరికరం అక్కరలేదు. వేరొక దారం ముక్కను మడిచి, ఆ మడత వంపు కట్టు దాటి బయటికి ఉండేలా పరచి, దాని మీదుగా ఐదారు చుట్లు వేసి, అసలు దారం కొసను మడతలో దూర్చి, ముక్క రెండు చివరలనూ పట్టి లాగితే కొస చుట్ల కిందుగా వచ్చి చిక్కుకుంటుంది. దానిని అంచు వరకూ కత్తిరించి, గోళ్ల రంగు రెండు పూతలు వేసి రాత్రంతా ఆరనివ్వాలి. ఆ రంగు గాలపు కంటిలోకి పోతే ఆరకముందే సూదితో తీసివేయాలి, లేకపోతే తాడు దూరదు.

ఆరిన జిగ్‌ను తాడుకు కట్టి, నీళ్ల బకెట్‌లో వేలాడదీయండి. కన్ను తల పైభాగాన ఉన్న జిగ్ అడ్డంగా, మొన పైకి ఉండేలా నిలవాలి. తోక దిగబడుతున్నా, ఒక పక్కకు ఒరుగుతున్నా ముందు ముడిని కంటిలో కాస్త ముందుకో వెనక్కో జరిపి చూసి, అప్పటికీ ఒరిగితే బరువైన వైపు పాయను పలుచన చేయండి.