బడిలో స్పీచ్ థెరపీ – 4వ పాఠం: విన్నది రాయండి

పోయిన పాఠంలో పది బొమ్మలు చూపించి, పిల్లలు ఏమంటారో రాసుకోమన్నాను. మీరు పంపిన కాగితాలు చూశాక ఈసారి చెబుదామనుకున్న నత్తి పాఠాన్ని పక్కన పెట్టేశాను. దాదాపు అందరూ టిక్కులూ ఇంటూలే పెట్టారు. "గోడ – తప్పు" అని రాస్తే నేనేం చేసుకోను? పిల్లాడు "దోడ" అన్నాడా, "ఓడ" అన్నాడా? రెండింటికీ వైద్యం వేరు.

ఒకరు మాత్రం విన్నది విన్నట్టు రాశారు: కాకి – తాతి, గోడ – దోడ, మేక – మేత. ఇది చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఇవి మూడు తప్పులు కావు, ఒకటే అలవాటు. క, గ పలకడానికి నాలుక వెనక భాగం లేవాల్సిన చోట ముందు భాగం లేస్తోంది, అందుకే త, ద వస్తున్నాయి. మామూలుగా నాలుగేళ్లు వచ్చేసరికి పోయేదే. ఒకటో తరగతిలోనూ ఉంటే పని మొదలుపెట్టాలి. వినికిడి పరీక్ష ముందే అయిపోయి ఉండాలని మళ్లీ చెప్పను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. "నీల్లు", "పల్లు", "సనివారం"... వీటికీ ఇంటూలు పెట్టారు! ఆ పిల్ల ఇంట్లో అందరూ "నీల్లు" అనే అంటారేమో కనుక్కున్నారా? అది యాస, లోపం కాదు. తల్లితో రెండు నిమిషాలు మాట్లాడండి, చాలు. తల్లి "శనివారం" అంటూంటే పిల్ల "తనివారం" అంటే అది మన పని. ఇద్దరూ "సనివారం" అంటే కాగితం మడిచి లోపల పెట్టేయండి. "ఉచ్చారణ బాలేదు" అని టీచర్ పంపినా సరే. డిక్టేషన్‌లో శ బదులు స రాస్తోందంటే ముందు అది తెలుగు టీచర్ చూసుకోవాల్సిన సంగతి. ఇంటి మాటను రోగంలా చూస్తే ఆ పిల్ల మన గదిలో నోరు విప్పదు.

మళ్లీ క దగ్గరికి వద్దాం. నాకు ఇష్టమైన జోడీ కోట – తోట. రెండు బొమ్మలూ బల్ల మీద పెట్టి, క బదులు త అనే పిల్లాణ్ని ఏది కావాలో అడగమనండి. కోట కావాలని వేలు చూపిస్తూ "తోట" అంటాడు. మీరు నవ్వకుండా తోట బొమ్మే ఇవ్వండి. వాడి మొహం చూడాలి! ఏదో తేడా ఉందని అప్పుడే వాడికి తడుతుంది. కోక – తోక జోడీ మాత్రం వద్దు. రెండింటి మధ్యలోనూ క ఉంది, వాడు రెండింటినీ "తోత" అంటాడు.

నేను రాసుకునే కాగితాన్ని బల్ల కింద, ఒళ్లో పెట్టుకుంటాను. పైన పెడితే పిల్లలు ఇంటూలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

అభ్యాసం: ఒక పిల్లాడి మాటలు పది నిమిషాలు రికార్డ్ చేయండి, తల్లిదండ్రుల అనుమతితోనే. బొమ్మలు చూడకుండా, వింటూ యాభై మాటలు రాయండి. మూడు రోజుల తర్వాత మొదటి కాగితం చూడకుండా మళ్లీ రాయండి. రెండు కాగితాలకీ పొంతన కుదరని మాటలు మాత్రమే నాకు పంపండి.