వందల ఆడియో ఫైళ్ల మీద స్క్రిప్ట్ నడిపే ముందు

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి జారితే కంట్రోల్ జెడ్ ఉంది. ఆదేశాలు టైపు చేసి నడిపే కమాండ్ లైన్‌లో ఆ వెసులుబాటు లేదు. ఆ ఆదేశాలను వరుసగా రాసుకున్న స్క్రిప్టులో ఒక్క అక్షరం తేడా వస్తే ఫోల్డర్ మొత్తం పోవచ్చు, అదీ ఒక్క ఎర్రర్ కూడా చూపించకుండా. పోయినవి మళ్లీ రికార్డు చేయడానికి వీల్లేని గొంతులైతే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు.

కాబట్టి ముందు ఒరిజినల్స్‌ను ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఉన్న ఫోల్డర్‌ను రీడ్ ఓన్లీ చేసేయండి. అవుట్‌పుట్ ఎప్పుడూ వేరే ఫోల్డర్‌లోకే వెళ్లాలి. కమాండ్ లైన్‌లో ఆడియోను మార్చే సాక్స్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే సాక్స్ మామూలుగా ఏమీ అడగదు, దాని మీదే రాసేస్తుంది. ‘నో క్లాబర్’ ఆప్షన్ ఇస్తేనే ఆగి అడుగుతుంది. ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అడుగుతుంది కానీ, ప్రతిసారీ జవాబు చెప్పలేక చాలామంది అడగకుండా రాసేసే ‘మైనస్ వై’ ఆప్షన్ తగిలించేస్తారు. దాని బదులు ‘మైనస్ ఎన్’ పెట్టండి, ఉన్న ఫైలు జోలికి పోదు.

ఫైలు పేర్లలో ఖాళీలుంటే, స్క్రిప్టులో ఆ పేరును పట్టుకునే వేరియబుల్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టాల్సిందే. ఇంకో చిక్కు చాలామందిని తికమకపెడుతుంది. పేర్ల జాబితాను ఒక్కో వరుసా చదివే ‘వైల్ రీడ్’ లూప్‌తో చదివిస్తూ లోపల ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ నడిపితే, మొదటి ఫైలు బాగానే అవుతుంది, తర్వాత పేర్లు సగం తెగిపోయి కనిపిస్తాయి, లేదా లూప్ అక్కడితో ఆగిపోతుంది. జాబితాలోని అక్షరాలను ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ తనకిచ్చిన ఇన్‌పుట్ అనుకుని మింగేస్తుంది, అదీ కారణం. కమాండ్‌కు ‘నో ఎస్‌టీడీఇన్’ ఆప్షన్ చేరిస్తే సమస్య తీరిపోతుంది. అసలు పరుగుకు ముందు కమాండ్ ముందు ‘ఎకో’ పెట్టి, ఏమేం నడవబోతోందో తెరమీద చదువుకోండి.

శబ్దం సంగతికొస్తే, ఫైళ్ల శబ్ద స్థాయిని సమం చేయడానికి అందరూ వాడే ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ లౌడ్‌నార్మ్ ఫిల్టర్‌ను ఒకే పాస్‌లో, అంటే ముందుగా కొలవకుండా ఒక్కసారే, నడిపితే అది ఆడియో శాంపిల్ రేటును 192 కిలోహెర్ట్జ్‌కు పెంచేస్తుంది. శాంపిల్ రేటు 48000 అని మీరే రాయకపోతే వేవ్ ఫైళ్లు కారణం లేకుండా ఉబ్బిపోతాయి. ముందు కొలిచి, ఆ అంకెలను రెండో పాస్‌కు ఇవ్వడం మేలు. నిశ్శబ్దం కత్తిరించే ఫిల్టర్‌తో నాకు ఎప్పుడూ టెన్షనే. హద్దు కాస్త ఎక్కువ పెడితే మాట చివర సన్నబడే అచ్చును కూడా కోసేస్తుంది. అందుకే బ్యాచ్‌లో అన్నిటికంటే మెల్లగా మాట్లాడిన ఫైలు, బాగా గోలగా ఉన్న ఫైలు, చాలా పొడవైన ఫైలు తీసి ముందు వాటి మీద ప్రయత్నించండి. శుభ్రంగా ఉన్న ఫైలుతో పరీక్షిస్తే ఏమీ తెలియదు.

ఎంపీ3ని తెరిచి మళ్లీ ఎంపీ3గా రాసిన ప్రతిసారీ నాణ్యత తగ్గుతుంది. మధ్య దశలన్నీ నాణ్యత పోని వేవ్‌లోనో ఫ్లాక్‌లోనో ఉంచండి. ఉత్తి కత్తిరింపు అయితే, ఆడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు తీసుకునే ‘కోడెక్ కాపీ’ ఆప్షన్ చాలు.

ఆడియో ఎడిటర్ ఆడాసిటీని పైథాన్ స్క్రిప్టుతో నడపాలంటే, బయటి ఆదేశాలను దానికి అందించే ‘మాడ్ స్క్రిప్ట్ పైప్’ మాడ్యూల్‌ను ప్రిఫరెన్సుల్లో ఆన్ చేసి, ప్రోగ్రామ్‌ను మూసి తెరవాలి. పని అయ్యాక ఆఫ్ చేసేయండి.

స్క్రిప్ట్ ముగిశాక, ఫైలు వివరాలు చూపించే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో పాత, కొత్త ఫైళ్ల నిడివి పక్కపక్కన చూడండి. తేడా ఉన్నవాటిని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలు, మధ్య, చివర వినండి. ఒరిజినల్స్‌ను తీసేసే పని మాత్రం ఏ స్క్రిప్టుకూ అప్పగించకండి.