ఆఫీసు నెట్‌వర్క్‌ను వీల్యాన్‌లుగా విడదీయాలంటే ఎలాంటి స్విచ్ కొనాలి?

కంప్యూటర్లు, ఐపీ ఫోన్లు, సీసీ కెమెరాలు, గెస్ట్ వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే, వచ్చిపోయేవాళ్ల మొబైల్‌కి కూడా అకౌంట్స్ సెక్షన్ ప్రింటరు కనిపిస్తుంది. వీటిని విడదీయడానికి విడివిడిగా కేబుళ్లు లాగక్కర్లేదు, వీల్యాన్‌లు పెడితే సరిపోతుంది: అంటే కేబుళ్లన్నీ కలిసే స్విచ్‌లోనే ఒక నెట్‌వర్క్‌ను విడివిడి నెట్‌వర్క్‌లుగా చేయడం. ఒక ఆఫీసును లెక్కకు తీసుకుందాం: కంప్యూటర్లు 20, ఫోన్లు 10, కెమెరాలు 8, వైఫై యాక్సెస్ పాయింట్లు 3, ప్రింటర్లు 2, ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) 1.

1. ముందు రూటర్ సంగతి చూడండి

ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి దారి చూపేది రూటరే. ఒక్కో వీల్యాన్‌కి వేరే ఐపీ అడ్రసులు పంచేది కూడా చాలా చోట్ల అదే. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే ఫైబర్ డబ్బాలు చాలావరకు ఈ పనికి రావు. 802.1క్యూ ట్యాగింగ్ (డేటాకు దాని వీల్యాన్ నంబరు తగిలించే పద్ధతి), ఫైర్‌వాల్ రూల్స్ (ఏది ఎక్కడికి వెళ్లొచ్చో చెప్పే నిబంధనలు) ఉన్న రూటర్ లేకుండా ఎంత మంచి స్విచ్ కొన్నా పని సగంలోనే ఆగిపోతుంది.

2. కాగితం మీద నంబర్లు వేయండి

కంప్యూటర్లు, ప్రింటర్లకు 10, ఫోన్లకు 20, కెమెరాలకు 30, గెస్టులకు 40, స్విచ్‌లు, యాక్సెస్ పాయింట్ల నిర్వహణకు 99. ఐపీ అడ్రసులో చుక్కల మధ్య మూడో భాగానికి కూడా అదే నంబరు పెట్టండి: కెమెరాలకు 192.168.30.0/24, అంటే 192.168.30తో మొదలయ్యే అడ్రసులు. రేపు ఏదైనా ఆగిపోతే, అడ్రసు చూడగానే అది ఎక్కడిదో తెలిసిపోతుంది.

3. పోర్టులు, వాట్లు లెక్కపెట్టండి

ఫోన్ ఉన్న పది సీట్లలో కంప్యూటర్ కేబుల్ ఫోన్ వెనకాల పెట్టేస్తే సీటుకు ఒక పోర్టు చాలు. ఫోన్లు 10, కెమెరాలు 8, యాక్సెస్ పాయింట్లు 3 కలిపి 21 పీఓఈ పోర్టులు (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు కూడా ఇచ్చేవి). ఎన్‌వీఆర్, రూటర్ కూడా అందులోనే పెడితే 23. అంటే 24 పోర్టుల పీఓఈ స్విచ్ ఒకటి. మిగిలిన 10 కంప్యూటర్లు, 2 ప్రింటర్లకు పీఓఈ లేని 16 పోర్టుల స్విచ్ చాలు. రెండింటికీ మధ్య లింకు ఎస్‌ఎఫ్‌పీ పోర్టుల (మాడ్యూల్ పెట్టి వాడే వేరే పోర్టులు) మీదుగా వేస్తే మామూలు పోర్టు వృథా కాదు.

జనం ఎక్కువగా దెబ్బతినేది వాట్ల దగ్గర. 24 పోర్టులకీ పీఓఈ ఉందంటే, అన్నిటికీ ఒకేసారి పూర్తి పవర్ ఇస్తుందని కాదు. 802.3ఏఎఫ్ అనే పీఓఈ రకం పోర్టు ఒక్కోటి 15.4 వాట్లు ఇవ్వగలదు, 802.3ఏటీ రకం 30. కానీ స్విచ్ మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది, దాన్నే పీఓఈ బడ్జెట్ అంటారు. ఫోన్‌కి 5, కెమెరాకి 8, యాక్సెస్ పాయింట్‌కి 15 వాట్లు అనుకుంటే మొత్తం 159. పాతిక శాతం కలుపుకుంటే దాదాపు 200. కాబట్టి 250 వాట్ల బడ్జెట్ ఉన్నది తీసుకోండి. అంచుకు సరిపోయేది కొంటే పగలంతా బాగానే నడిచి, కెమెరాల ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి ఉండేవి) వెలిగే రాత్రివేళ ఒకటో రెండో ఆగిపోతాయి. యూపీఎస్ లెక్కలోనూ ఈ వాట్లు కలపాలి.

4. డేటాషీట్‌లో ఇవి చూడండి

అన్‌మేనేజ్డ్ (సెట్టింగులు మార్చే వీలులేని) స్విచ్‌లో వీల్యాన్‌లు పెట్టలేం. స్మార్ట్ స్విచ్ అని రాసి ఉన్నా, అందులో 802.1క్యూ ఉందా లేక ఉత్త పోర్ట్-బేస్డ్ వీల్యానేనా అన్నది చూడండి. రెండోదైతే ఒకే కేబుల్ మీద ఒకటికి మించి వీల్యాన్‌లు రెండో స్విచ్‌కి వెళ్లవు. వాయిస్ వీల్యాన్, ఎల్‌ఎల్‌డీపీ-మెడ్ (స్విచ్ ఫోన్‌కి సెట్టింగులు చెప్పే పద్ధతి) ఉంటే ఫోన్లు తమ వీల్యాన్‌ను తామే తెలుసుకుంటాయి. స్విచ్ అడ్మిన్ పేజీని ఒక్క వీల్యాన్‌కే పరిమితం చేయగలమా అన్నది కూడా అడగండి, చవక మోడళ్లలో కొన్నిటికి ఆ వీలు లేదు.

లేయర్ 3 స్విచ్ (వీల్యాన్‌ల మధ్య దారి చూపే రూటర్ పని కూడా చేసేది) ఇక్కడ దండగ. కెమెరాలూ ఎన్‌వీఆర్ ఒకే వీల్యాన్‌లో, ఒకే స్విచ్‌లో ఉన్నాయి కాబట్టి ఆ వీడియో రూటర్ దాకా పోదు. ఫైల్ సర్వర్‌ను వేరే వీల్యాన్‌లో పెట్టి రోజంతా పెద్ద ఫైళ్లు లాగేవాళ్లుంటే అప్పుడు ఆలోచించండి.

5. సెట్ చేసే వరుస

ముందు వీల్యాన్‌లు సృష్టించండి. తర్వాత స్విచ్‌లో రూటర్ ఉన్న పోర్టులో ఐదింటినీ ట్యాగ్డ్‌గా (వీల్యాన్ నంబరు తగిలించి పంపేలా) పెట్టండి. రెండో స్విచ్‌కి వెళ్లే లింకులో 10, 99 చాలు. యాక్సెస్ పాయింట్ల పోర్టుల్లో 99 అన్‌ట్యాగ్డ్ (నంబరు తగిలించకుండా), 10, 40 ట్యాగ్డ్. ఫోన్ పోర్టుల్లో 10 అన్‌ట్యాగ్డ్, 20 ట్యాగ్డ్.

చాలా స్మార్ట్ స్విచ్‌ల్లో పోర్టును అన్‌ట్యాగ్డ్‌గా చేర్చడం ఒక పేజీలో, పీవీఐడీ (ట్యాగ్ లేకుండా పోర్టులోకి వచ్చే ట్రాఫిక్ ఏ వీల్యాన్‌కి పోవాలో చెప్పే నంబరు) మార్చడం ఇంకో పేజీలో ఉంటుంది. కెమెరా పోర్టును 30లో చేర్చి పీవీఐడీని మొదట్లో ఉన్న 1 గానే వదిలేస్తే, కెమెరా నుంచి వచ్చే ట్రాఫిక్ 1లోకి పోతుంది. లింక్ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎన్‌వీఆర్‌లో మాత్రం బొమ్మ రాదు. పీవీఐడీ మార్చాక ఆ పోర్టును 1 నుంచి తీసేయడం కూడా మరవద్దు.

మేనేజ్‌మెంట్‌ను 99కి మార్చడం చివరి పని. అప్పటిదాకా ఒక పోర్టును పాత సెట్టింగ్‌లోనే ఉంచుకోండి, లేకపోతే స్విచ్ మిమ్మల్నే బయటికి నెట్టేస్తుంది.

6. పరీక్షించండి

గెస్ట్ వైఫైకి కనెక్టయి ప్రింటర్‌ని, ఎన్‌వీఆర్‌ని పింగ్ చేయండి (జవాబు ఇస్తాయేమో చూసే చిన్న పరీక్ష). జవాబు వస్తే తప్పు స్విచ్‌ది కాకపోవచ్చు: చాలా రూటర్లు వీల్యాన్‌ల మధ్య దారిని మామూలుగా తెరిచే ఉంచుతాయి, ఫైర్‌వాల్‌లో మనమే మూయాలి. బ్రౌజర్‌లో గెస్ట్ వీల్యాన్‌లో రూటర్ అడ్రసు 192.168.40.1 కొట్టి చూడండి, రూటర్ లాగిన్ పేజీ తెరుచుకుంటే దాన్నీ మూయండి. అంతా కుదిరాక కాన్ఫిగరేషన్ సేవ్ చేయండి. కొన్ని స్విచ్‌ల్లో అప్లై నొక్కినంత మాత్రాన సేవ్ అవదు, కరెంటు పోయి వస్తే చేసిందంతా పోతుంది. బ్యాకప్ ఫైలు ఒకటి దించుకుని వేరే కంప్యూటర్‌లో పెట్టండి.