డిస్క్ రైట్ చేసే ముందు ఇవి చూసుకోండి

సీడీలు, డీవీడీలు రైట్ చేసే ఇన్‌ఫ్రారికార్డర్ లాంటి పోర్టబుల్ సాఫ్ట్‌వేర్‌కి ఇన్‌స్టాల్ అక్కర్లేదు గానీ, అసలు సైట్ నుంచే దించుకోండి. జిప్ విప్పి ఫోల్డర్ మొత్తం హార్డ్ డిస్క్‌లో పెట్టాకే నడపండి, పెన్‌డ్రైవ్ మీంచి వద్దు, మధ్యలో అది కదిలితే రైట్ అవుతున్న డిస్క్ పోయినట్టే. డీవీడీ మీద 4.7 జీబీ అని రాసున్నా విండోస్ లెక్కలో పట్టేది 4.38 మాత్రమే, కాబట్టి గుంటూరు చుట్టాలకు పంపాల్సిన పెళ్లి వీడియో 4.5 చూపిస్తుంటే అది ఎక్కదు. ఐఎస్ఓని, అంటే డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసిన ఇమేజ్‌ని, మామూలు ఫైల్‌లా లాగి పడేయకండి, ఇమేజ్ రైట్ చేసే ఆప్షన్ వేరే ఉంటుంది.

డిస్క్ అంచులే పట్టుకోండి. అడుగున వేలిముద్ర పడితే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తిప్పొద్దు. బెజవాడ ఎండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచండి, డెస్క్‌టాప్‌కైతే యూపీఎస్ ఉండాల్సిందే. స్పీడ్ 8ఎక్స్ చాలు. రాసింది సరిగ్గా ఉందో లేదో సరిచూసే వెరిఫై టిక్ పెట్టి, అది పూర్తయ్యేదాకా అసలు ఫైల్ జోలికి పోకండి.